పాత వాహనము – విక్రేత ధర్మము

గృహస్థధర్మములనగానే దానము, అతిథిపూజ, దేవతార్చనము మున్నగునవి స్ఫురించును. కాని క్రయవిక్రయములను గూర్చి కూడ ప్రాచీనులు తక్కువగా చెప్పలేదు. ధర్మశాస్త్రములందు వ్యవహారాధ్యాయమను పేర నొక పెద్ద భాగమే వీనికి కేటాయింపబడినది. వస్తువును కొన్న పిదప కొనినవానికి పశ్చాత్తాపము కలిగినచో నేమి చేయవలెను, అమ్మిన వస్తువులో లోపము బయటపడినచో నష్టము నెవరు భరింపవలెను అను ప్రశ్నలను మనువు, యాజ్ఞవల్క్యుడు, నారదుడు శ్రద్ధతో విచారించినారు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయముగా వెలయించుటను బట్టి, ఈ విషయములు తెలుగువారికి ఏడెనిమిది శతాబ్దుల క్రిందటనే స్వభాషలో అందుబాటైనవని గ్రహింపవచ్చును. పూజామందిరమున పాటించు సత్యమునే అంగడిలోను పాటింపవలెనను దృష్టియే ఈ శ్రమకంతకును మూలము.

నేటి గృహస్థుడు ఎద్దునుగాని గుఱ్ఱమునుగాని అమ్ముట అరుదు. ఆ స్థానమును నేడు కారు ఆక్రమించినది. కొంతకాలము వాడిన కారును దళారి ప్రమేయము లేకుండ వేరొక గృహస్థునకు అమ్ముట సర్వసామాన్యమైనది. అట్టి సందర్భమున దాని భద్రతను పరీక్షింపజేసి ధ్రువపత్రము చూపుట విక్రేతకు విధియగునా? చట్టము అడుగనప్పుడు ధర్మము అడుగునా? పత్రమును చూపినంతనే అతని బాధ్యత తీరునా? ఇవి చూచుటకు చిన్న ప్రశ్నలే కాని, ఒక్కొక్కప్పుడు వీనిపై ప్రాణములాధారపడియుండును.

హైదరాబాదు నగరములో నాంపల్లి నుండి మొజంజాహీ మార్కెట్టును దాటి పోయినచో ఉస్మాన్‌గంజ్ వచ్చును. ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేర వెలసిన ఈ ప్రదేశము పప్పులు, ధాన్యములు, వంటదినుసుల టోకు వ్యాపారమునకు ప్రసిద్ధమైనది. ధాన్యపు గంజులలో ఒక పాత మర్యాద కలదు. కొనవచ్చినవాడు ఏ బస్తాను చూపినను వర్తకుడు మొనగల ఇనుప గొట్టమును దానిలోనికి గ్రుచ్చి, నడుమనున్న గింజలను వెలికిదీసి అరచేతిలో పోసి చూపును. పైన మేలిగింజ, లోపల పుచ్చుగింజ యని ఒక్కమారు తేలినచో ఆ అంగడికి మరల పరపతి కుదురుట కష్టము.

అట్టి ఉస్మాన్‌గంజులో పప్పుల వ్యాపారము చేయు ఇద్దరు అన్నదమ్ములు తమ పదునొకండేండ్ల కారును అమ్మదలచినారని ఊహింపవచ్చును. కారు చూపునకు బాగుగనే యున్నది. కాని కొన్ని నెలలుగా బ్రేకు త్రొక్కినపుడు పాదము మునుపటికంటె లోతునకు దిగుచున్నది. బ్రేకు నూనె కారుచున్నదనియు, ఆ భాగమును మార్చవలెననియు మెకానిక్కు రెండుమారులు చెప్పినాడు. ఎట్లును అమ్మివేయు బండికి ఖర్చెందులకని వారు ఊరకున్నారు. నల్లగొండ ప్రాంతమునుండి ఒక ఉపాధ్యాయుడు కొనుటకు వచ్చినాడు. సీట్లు చూచినాడు, చల్లదనపు యంత్రమును త్రిప్పి చూచినాడు, కాగితములు చదివినాడు. “సేటుగారూ, వచ్చే నెలలో మా అమ్మానాన్నలను దీనిలోనే తిరుమలకు తీసికొని పోవలెనని ఉన్నది” అని సంతోషముతో పలికినాడు. బ్రేకులమాట మాత్రము అతడెత్తలేదు.

అతడు బయానా తెచ్చుటకు వెళ్ళిన పిమ్మట తమ్ముడు అన్నతో ఇట్లనెను: “అన్నా, ఆయన అడుగలేదు, మనము అబద్ధమాడలేదు. కాగితములన్నియు సరిగానే ఉన్నవి. కావలెనన్న ఒక మెకానిక్కును వెంటబెట్టుకొని రావచ్చును గదా!”

అందులకు అన్న, “తమ్మీ, పప్పుబస్తాను గ్రుచ్చి చూపెడి మనము కారును మూసిపెట్టి అమ్ముదుమా?” అని అడిగెను.

తమ్ముని మాటలో మూడు వాదములు ఇమిడియున్నవి. కాగితములు సరిగా నున్నవనునది మొదటిది. అడుగనిది చెప్పనక్కరలేదనునది రెండవది. పరీక్షించుకొనుట కొనువాని పనియనునది మూడవది. లోకమున అనేకులు ఈ మూడింటితోనే మనస్సును సమాధానపరచుకొందురు కావున వీనిని వరుసగా విచారించుట యుక్తము.

మొదట కాగితముల సంగతి. కారునకు సామాన్యముగా మూడు పత్రములుండును. రిజిస్ట్రేషన్ పత్రము ఆ బండి ఎవరిదో తెలుపును. భీమాపత్రము ప్రమాదము జరిగినచో ధనమెవరు చెల్లింతురో తెలుపును. కాలుష్య ధ్రువపత్రము దాని పొగ పరిమితిలో నున్నదని తెలుపును. ఈ మూడింటిలో ఒక్కటియు బ్రేకులను గూర్చి పలుకదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, అద్దెకు తిరుగు బండ్లు, లారీలు మున్నగు రవాణా వాహనములు నియమిత కాలములందు పరీక్షకు నిలిచి యోగ్యతాపత్రము పొందవలెను. సొంత కారునకైతే రిజిస్ట్రేషన్ పదునైదేండ్లవరకు చెల్లును. ఆ గడువు తీరిన పిమ్మటనే దానిని పరీక్షించి, బాగున్నచో అయిదేండ్లకు పొడిగింతురు. అనగా పదునైదేండ్లలోపు సొంత కారు ఎన్ని చేతులు మారినను, చేయి మారుచున్నదను కారణముచేతనే దాని భద్రతను పరీక్షింపవలెనను నిర్బంధము మన దేశమున లేదు. అన్నదమ్ముల కారు పదునొకండేండ్లది. కనుక దాని కాగితములు సరిగా నుండుట నిజమే, దాని బ్రేకులు చెడియుండుటయు నిజమే.

కొన్ని దేశములలో ఈ వెలితిని చట్టమే పూరించినది. బ్రిటనులో 1960లో పదేండ్లు దాటిన కార్లకు భద్రతాపరీక్ష ప్రారంభమై, క్రమముగా ఆ గడువు తగ్గి, నేడు అచ్చటి అధిక భాగమున మూడేండ్లు నిండిన కారునకు ఏటేట పరీక్ష విధిగా జరుగుచున్నది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున, రిజిస్ట్రేషన్ గల పాత కారును అమ్మకమునకు పెట్టువాడు సామాన్యముగా భద్రతా ధ్రువపత్రమును ముందుగనే సంపాదించి ఆ కారుపై కనబడునట్లు ఉంచవలెను. బ్రేకులు, స్టీరింగు, చక్రములు, దీపములు మున్నగువానిని పరీక్షించి దానినిత్తురు. గృహస్థుడే అమ్మునప్పుడు ఆ పత్రము రెండు నెలలవరకుగాని, కారు రెండువేల కిలోమీటర్లు తిరుగువరకుగాని, ఏది ముందైనచో అంతవరకే చెల్లును. ఆ గడువులోనే ఒక సత్యమున్నది. పరీక్ష జరిగిన దినమున బండి ఎట్లున్నదో పత్రము చెప్పగలదు. నిన్న మొన్నటి చరిత్రను అది చెప్పలేదు, రేపటికి హామీ ఈయలేదు. పరీక్షకుడు ఒక గంటసేపు చూచును. యజమాని ఏండ్ల తరబడి దానితో తిరిగినాడు. కావున పత్రము యజమాని సాక్ష్యమునకు తోడు కాగలదే కాని బదులు కాజాలదు. క్రొత్తగా కొన్న వాహనమునకు దేవాలయము ముంగిట పూజచేయించి, చక్రముల క్రింద నిమ్మపండ్లుంచి నడపుట మన ఆచారము. ఆ పూజయు చెడిన బ్రేకును బాగుచేయునని భక్తుడెవ్వడును తలచడు గదా!

ఇక రెండవ వాదము: అడుగలేదు, కనుక చెప్పలేదు. ఇందుకు లౌకికచట్టమున కొంత ఆధారము లేకపోలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము పదునేడవ విభాగమున మోసమును నిర్వచించుచు ఒక గుఱ్ఱము ఉదాహరణమును చూపినది. ఒకడు రోగముగల గుఱ్ఱమును వేలములో అమ్మును. రోగమున్నట్లు తెలిసియు కొనువానికేమియు చెప్పడు. చట్టదృష్టిలో కేవలము ఆ మౌనము మోసము కాదు. కాని ఆ ఉదాహరణము అంతటితో ఆగలేదు. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కుమార్తెయే యైనచో, వారి సంబంధమునుబట్టి చెప్పవలసిన విధి అతనికి కలుగునని చట్టమే పలికినది. “నీవు కాదనకున్నచో గుఱ్ఱము బాగున్నదని తలతును” అని కొనువాడన్నప్పుడు విక్రేత మౌనము వహించినచో, ఆ మౌనము మాటతో సమానమనియు అదియే పలికినది.

ఈ ఉదాహరణములో ఆలోచింపదగిన విశేషమున్నది. గుఱ్ఱము అదియే, రోగము అదియే, మౌనము అదియే. కొనునది కుమార్తె యగుటచే న్యాయము మారినది. ఎందువలన? ఆమె తండ్రిని నమ్మి వచ్చినది. నమ్మకమున్నచోట మౌనము మాటవలె పనిచేయును. వృద్ధులైన తల్లిదండ్రులను కొండకు తీసికొని పోదునని చెప్పిన ఉపాధ్యాయుడు, ఆ అన్నదమ్ములు కాదనకున్నచో బండి బాగున్నదని నమ్మియే ఆ మాటనెను. అతడు ప్రశ్నించి యుండకపోవచ్చును, తన అవసరమును మాత్రము స్పష్టముగా చెప్పినాడు. ఘాట్ రోడ్డు వంపులలో దిగునప్పుడు బ్రేకులే ఆధారమని తెలిసియు తలయూచి ఊరకుండుట మౌనము కాదు, అసత్యమునకు అంగీకారము.

మహాభారతమున ద్రోణపర్వములోని కథ అందరెరిగినదే. యుధిష్ఠిరుడు పలికినది అక్షరమును బట్టి చూచినచో అబద్ధము కాదు, అశ్వత్థామయను ఏనుగు చచ్చిన మాట నిజము. ఏనుగను మాటను వినబడకుండునట్లు పలికినాడు, ద్రోణుడు తన కుమారుడనియే తలచినాడు. అంతవరకు నేలకు నాలుగంగుళముల ఎత్తున నడచిన ధర్మరాజు రథము ఆ క్షణమున నేలనంటినదని వ్యాసుడు చెప్పినాడు. అబద్ధమాడలేదను తృప్తికి అచ్చట చోటు దొరకలేదు. వినువాని హృదయములో ఏ తలంపు కలుగవలెనని పలికినాడను విషయమే లెక్కకు వచ్చినది. అడుగలేదు గనుక చెప్పలేదను విక్రేతకును ఈ కొలతయే వర్తించును.

మూడవ వాదము: పరీక్షించుకొనుట కొనువాని పని. దీనిని స్మృతికర్తలు తోసిపుచ్చలేదు. కొనువాడు వస్తువు గుణదోషములను ముందుగా తానే పరీక్షింపవలెననియు, పరీక్షించి తృప్తితో కొనినదానిని తిరిగి ఈయరాదనియు నారదుని మతము. ఒక్కొక్క వస్తువు పరీక్షకు ఇన్ని దినములని యాజ్ఞవల్క్యుడు గడువులేర్పరచినాడు. ఇనుమునకు ఒక దినము, పాడిపశువునకు మూడు దినములు, బరువులు లాగు ఎద్దు మున్నగువానికి అయిదు దినములు, రత్నములకు ఏడు, విత్తనములకు పది దినములు. ఈ భేదము ఊరక ఏర్పడినది కాదు. ఇనుము లోపము త్వరగా తెలియును, విత్తనము లోపము మొలకెత్తువేళకు గాని తెలియదు. బండిలాగు ఎద్దును నాలుగడుగులు నడిపించి చూచిన చాలదు, కాడి కట్టి కొన్నినాళ్ళు పనిచేయించిననే దాని బలము తెలియును. నేటి కారు ఆ ఎద్దు స్థానములోనిదే. వీధిలో ఒక చుట్టు త్రిప్పి చూచుట దానికి చాలిన పరీక్ష కాదు.

కొనువానికి పరీక్షించు విధియున్నంత మాత్రమున విక్రేతకు దాచు హక్కు కలుగదు. తెలిసిన దోషమును దాచి, నిర్దోషమని చూపి అమ్మినవానికి ధరకు రెండింతలు చెల్లించునట్టి శిక్షను స్మృతికారులు విధించిరి. చెడిన సరుకును, కొలత తక్కువైనదానిని, కప్పి కనబడనీయని దానిని అమ్మరాదని మనువు నిషేధించెను. కనుక లోపములను మూడు విధములుగా విభజించి చూచుట మంచిది. కంటికి కనబడు లోపము మొదటిది. రంగు పోయిన తలుపును, చిరిగిన సీటును చూచుకొనుట కొనువాని పని. ఇరువురికిని తెలియని లోపము రెండవది. దానిని బయటపెట్టుటకే నిపుణుని పరీక్ష యున్నది. విక్రేతకు తెలిసి, కొనువానికి కనబడని లోపము మూడవది. దీనికి మెకానిక్కును వెదకనక్కరలేదు, విక్రేత నోరు తెరచిన చాలును. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో ఎన్నో కార్లు నీట మునిగినవి. మునిగిన కారును కడిగి ఆరబెట్టినచో పైకి క్రొత్తదానివలె కనబడును. లోపలి విద్యుత్తు తీగలలో చేరిన తడి కొంతకాలమునకు గాని కీడు చేయదు. అది మునిగినదని యజమానికి తెలిసినంతగా మరెవ్వరికి తెలియును?

ఇంతవరకు చెప్పినది ఇద్దరి మధ్య న్యాయము. ఇచ్చట ఒక ఆక్షేపము పుట్టవచ్చును. విక్రేత ధనికుడు కాకపోవచ్చును. ఆపదలో ఉండి అమ్మువాడు పరీక్షకు, మరమ్మతునకు డబ్బెక్కడ తెచ్చును? లోపమును చెప్పి, ధర తగ్గించి, ఉన్నది ఉన్నట్లు అమ్మినచో చాలదా? కొనువాడు అన్నియు తెలిసి ఒప్పుకొనిన పిమ్మట ధర్మమునకు వెలితి యేమి?

ఈ ఆక్షేపము చాలవరకు న్యాయమైనదే. తలుపు సొట్టకు, ఇంజను పాతదనమునకు, చల్లదనపు యంత్రము లోపమునకు అది సరిపోవును. చెప్పి, తగ్గించి అమ్ముటలో దోషము లేదు. కాని బ్రేకు, స్టీరింగు, అరిగిన టైరు, వెలుగని దీపము అట్టివి కావు. ఏలయనగా కారు అమ్మకములో కనబడని మూడవవాడొకడున్నాడు. అతడు త్రోవను పోవు బాటసారి. బేరము జరుగునప్పుడు అతడక్కడ లేడు. లోపము సంగతి అతనికెవ్వరును చెప్పలేదు. తగ్గించిన ధరలో అతనికి పైసయు ముట్టలేదు. కాని బ్రేకు పట్టని దినమున దాని ఫలమనుభవించునది అతడే కావచ్చును. బడినుండి తిరిగివచ్చు పిల్లయో, గోవిందనామస్మరణతో తెల్లవారుజామున రహదారి అంచున నడచిపోవు పాదయాత్రికుడో ఆ స్థానములో నుండవచ్చును. కొనువాడు తన ప్రాణమును గూర్చి ఒప్పుకొనగలడేమో కాని, అతనికొరకు ఒప్పుకొను అధికారము కొనువానికిని లేదు, అమ్మువానికిని లేదు. ధర తగ్గింపు ఇద్దరి మధ్య లెక్కను సరిచేయును. మూడవవాని ఎడల అది ఏమియు చేయజాలదు. కావున భద్రతకు సంబంధించిన లోపమును చెప్పుట మాత్రమే చాలదు. దానిని బాగుచేయించిన పిమ్మటనే బండిని త్రోవమీదికి పంపవలెను. ఆ స్థోమత లేనిచో, మరమ్మతు అయినదాక నడుపరాదని చెప్పి, వేరొక బండిపై ఎక్కించి పంపవలెను.

చట్టము కూడ ఈ మూడవవానిని మరువలేదు. అపాయకరమైన లోపము ఉన్నదని తెలిసి, లేదా సామాన్యమైన జాగ్రత్తతో తెలిసికొనదగియుండి, అట్టి బండిని బహిరంగస్థలమున నడుపుటయేకాదు, నడుపనిచ్చుటయు నేరమని మోటారు చట్టమే చెప్పుచున్నది. మరియు బండిని అమ్మినవాడు పదునాలుగు దినములలో ఆ సంగతిని రవాణా అధికారికి తెలుపవలెననియు, కొనినవాడు ముప్పది దినములలో తన పేరునకు మార్పించుకొనవలెననియు నియమమున్నది. దీనిని తేలికగా తలచువారు 2018లో సర్వోన్నత న్యాయస్థానమిచ్చిన ఒక తీర్పును గుర్తుంచుకొనవలెను. ఒక కారు ఒకరినుండి యొకరికి వరుసగా చేతులు మారినది, రిజిస్ట్రేషన్ మాత్రము మొదటివాని పేరనే నిలిచినది. ప్రమాదము జరిగినపుడు, బాధితులు ఒక్కొక్క కొనుగోలుదారును వెదకుచు తిరుగ నవసరము లేదనియు, ఎవరి పేర రిజిస్ట్రేషన్ ఉన్నదో అతడే యజమానియై బాధ్యత వహింపవలెననియు న్యాయస్థానము నిర్ణయించినది. ఆ తీర్పు వెనుకనున్న దయ త్రోవను పోవువాని ఎడలనే.

శాంతిపర్వమున తులాధారుని వృత్తాంతము కలదు. ఘోరతపస్సు చేసి గర్వించిన జాజలి, ధర్మము తెలిసికొనుటకై వారణాసిలోని ఒక వర్తకుని వద్దకు పోవలసి వచ్చినది. తులాధారుడు గంధద్రవ్యములు మున్నగు సరకులను ఇతరులవద్ద కొని, కపటము లేకుండ అమ్మి జీవించువాడు. ఆతని తక్కెడ సర్వభూతములకు సమమైనది. ఆతడు ధర్మమును కొనువాని తృప్తితో ముగించలేదు. ఏ ప్రాణికిని ద్రోహము లేని బ్రతుకే ఉత్తమధర్మమని బోధించినాడు. అంగడికి రానివాడు సైతము ఆ తక్కెడలో తూగవలెనని దాని భావము. ఉస్మాన్‌గంజులోని వర్తకునకు ఇంతకంటె దగ్గరి ఆదర్శము మరి యేమి కావలెను?

కనుక పాత కారు అమ్మదలచిన గృహస్థుడు చేయదగినవి కొన్ని కలవు. చట్టము కోరకున్నను, నమ్మదగిన మెకానిక్కుచేత ముందుగా పరీక్షింపజేసి, అతడు కనుగొన్నదానిని వ్రాయించి కొనువానికి చూపవలెను. బ్రేకులు, స్టీరింగు, దీపములు సరిచేయింపవలెను. కారు టైరు గాడి 1.6 మిల్లీమీటర్లకంటె తక్కువగా అరిగినచో మార్పింపవలెను. బండికి తగిలిన దెబ్బలను, అది నీట మునిగినచో ఆ సంగతిని అడుగకమునుపే చెప్పవలెను. తిరిగిన దూరము చూపు అంకెలను ముట్టరాదు. వీలైనచో అయిదు దినములు కాకున్నను ఒక పూటయైన బండిని కొనువాని మెకానిక్కు వద్ద ఉంచుటకు అంగీకరింపవలెను. 29, 30 సంఖ్యల పత్రములపై సంతకములు చేసి ఇచ్చి ఊరకుండక, పేరు మారినదాక కనిపెట్టియుండవలెను. కొనువానికిని ధర్మమున్నది. ధర తగ్గుటకై లేని లోపములను కల్పింపరాదు. విక్రేత సత్యము చెప్పినచో ఆ సత్యమునే సాకుగా చేసికొని అన్యాయముగా బేరమాడరాదు. అట్లు చేయువారివలననే సత్యము పలుకుటకు లోకము జంకుచున్నది.

ఆ అన్నదమ్ములు ఉపాధ్యాయునకు సంగతి చెప్పి, బ్రేకులు మార్పించి కారునిచ్చినచో వారికి కొంత ధనము తగ్గును. బేరము రెండు మూడు దినములు ఆలస్యమగును. కాని ఆ కారు వృద్ధదంపతులతో ఏడుకొండలు దిగి వచ్చుచున్న వేళ ఉస్మాన్‌గంజులో వారు నిశ్చింతగా నిద్రింపగలరు. సర్వభూతములందును అంతర్యామిగా నున్న శ్రీమన్నారాయణుడు ఆ బండిలోని వారియందును, దాని ముందు త్రోవ దాటుచున్న అపరిచితునియందును సమముగనే యున్నాడని నమ్మిన గృహస్థులు, బండి తాళముచెవిని ఇతరుల చేతిలో పెట్టుటకు మునుపు తమకు తెలిసినదంతయు చెప్పి, చేయవలసిన మరమ్మతు చేయించి, భగవత్ప్రీతికి పాత్రులగుదురు గాక.